సందేశం చేరిన తరువాత

నెల్లూరులో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల ఎదుట, ఇంటర్నెట్ కమ్యూనికేషన్‌లో పై చదువుల గురించి చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ ప్రకాశం జిల్లావాసి అన్నారు. అది పూర్తిగా తప్పు కాదు, అలాగని పూర్తిగా ఒప్పూ కాదు. మాది కందుకూరు. నేను పుట్టేనాటికి మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, మూడో తరగతి చదువుతున్న నేను ఆ జిల్లావాణ్ణయ్యాను. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్ళీ విడదీసి కలిపినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. ఉన్న ఇంటి గడప దాటకుండానే ఇలా పలుమార్లు జిల్లా మారినవాణ్ణి కనుక, ఇవాళ మీ ఊరివాడిగానే మాట్లాడతాను.

నేను తంతి శాఖలో, అంటే టెలిగ్రాంలు పంపే శాఖలో చేరి కౌంటరు దగ్గర, టెలిప్రింటరు దగ్గర, చివరికి కంప్యూటరు దగ్గర మొత్తం ముప్పై ఏళ్ళు పనిచేశాను. 2013 జూలైలో దేశమంతటా టెలిగ్రాం సేవను నిలిపివేశారు. అప్పటికి నాకు యాభై ఒకటి. ఆ మరుసటి సంవత్సరమే దూరవిద్యలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టుకున్నాను. ఈ వయసులో ఈ చదువెందుకు నాన్నా అని మా అమ్మాయి అడిగింది. ముప్పై ఏళ్ళు నా చేతుల మీదుగా నడిచిన పని కళ్ళముందే మాయమైంది, అది ఎక్కడికి పోయిందో చూసి రావాలని ఉందమ్మా అన్నాను. ఆ చూడబోయిన ప్రయాణమే ఇప్పుడు ఇంటర్నెట్ కమ్యూనికేషన్ అనే పాఠాన్ని అతిథి అధ్యాపకుడిగా చెప్పేదాకా తీసుకొచ్చింది. ఈ చదువులో ఏముంది, ఎవరు చదవాలి, చదివేముందు ఏమి విచారించుకోవాలి అని మీ ప్రిన్సిపాల్ గారు అడిగారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు తంతి సంగతి కొంచెం చెప్పనివ్వండి, అది లేకుండా నాకు మిగతాది చెప్పడం రాదు. పండుగలకు, పెళ్ళిళ్ళకు పంపే శుభాకాంక్షల తంతిలో మేము వాక్యమంతా పంపేవాళ్ళం కాదు. ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె కేటాయించి ఉండేది. ఇక్కడ అంకె కొడితే అక్కడ ఆ అంకెకు సరిపోయిన వాక్యాన్ని కాగితం మీదికి ఎక్కించి, అందంగా అచ్చు వేసిన కవరులో పెట్టి ఇచ్చేవారు. అంకె ఒకటి అటూ ఇటూ అయితే పెళ్ళివారికి దీపావళి శుభాకాంక్షలు చేరేవి. ఇవాళ మీ సెల్‌ఫోనులో తెలుగు కనిపించడం వెనుక ఉన్న ఏర్పాటు కూడా ఇదే తరహాది. యూనికోడ్ అనే పట్టికలో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. తీగల మీద, గాలిలో ప్రయాణించేది ఆ సంఖ్యే గాని అక్షరం కాదు. అవతలి ఫోను దాన్ని మళ్ళీ అక్షరంగా గీసి చూపుతుంది.

తంతి ఉద్యోగికి ఉన్న ధర్మం ఒక్కటే: ఇక్కడ ఇచ్చిన మాట అక్కడ పొల్లుపోకుండా చేరాలి. 1948లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న క్లాడ్ షానన్ అనే గణితవేత్త, సమాచారాన్ని ఎలా కొలవాలో, రొద ఉన్న తీగ మీద కూడా దాన్ని చెడిపోకుండా ఎలా పంపాలో గణితంతో నిరూపిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఇవాళ్టి ఇంటర్నెట్ ఇంజనీరింగుకు పునాది రాళ్ళలో అదొకటి. ఆ వ్యాసం మొదట్లోనే ఆయన ఒక మాట స్పష్టంగా పక్కన పెట్టాడు. సందేశానికి అర్థం ఏమిటన్నది ఇంజనీరింగు సమస్యకు సంబంధించినది కాదన్నాడు. ఇంజనీరుగా ఆయన అలా అనడం సబబే. కౌంటరులో కూర్చున్న నేను కూడా ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

కాని ఊళ్ళో జరిగేది వేరు. తంతి తీసుకుని మా మనిషి సైకిలు దిగితే చాలు, కవరు చించకముందే ఆ ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. లోపల ఉన్నది ఉద్యోగం వచ్చిన కబురు కావచ్చు, రేపు పొద్దున బండికి వస్తున్నానన్న కబురు కావచ్చు. తంతి అంటేనే చావు వార్త అని జనం మనసులో ముద్ర పడిపోయింది. మేము పంపిన మాట ఒకటి, ఆ ఇంటికి చేరిన మాట మరొకటి. షానన్ పక్కన పెట్టిన ఆ భాగం, అంటే సందేశం చేరిన తరువాత జరిగే భాగమే, మీరు చదవబోయే చదువు. కంప్యూటర్ సైన్సు చదివే మీ స్నేహితులు చేరవేయడం నేర్చుకుంటారు. మీరు నేర్చుకోవలసింది ఎవరు ఎవరి మాట ఎందుకు నమ్ముతారు, నమ్మాక ఏం చేస్తారు, ఆ నమ్మకం వల్ల ఎవరి జేబు నిండుతుంది అన్నది.

దీనికి ఉదాహరణ కోసం దూరదేశాలు వెళ్ళనక్కరలేదు. 2021 మే నెలలో, కోవిడ్ రెండో విడత ఊపిరాడనివ్వని రోజుల్లో, మన ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్యగారు ఇచ్చే మందు కోసం జనం వేలాదిగా వచ్చారు. వారిని రప్పించింది ప్రకటనా కాదు, పత్రికా కాదు. సెల్‌ఫోనులో తీసిన చిన్న చిన్న వీడియోలు. కంట్లో చుక్కలు వేయించుకున్నాక తేరుకున్నామని చెప్పేవారి ముఖాలు, వారి మాట తీరు, ఆ నెల్లూరు యాస, వెనుక కనిపించే పందిరి, ఇవన్నీ కలిసి ఆ వీడియోకు ఒక బలాన్నిచ్చాయి. ప్రభుత్వం పంపిణీని ఆపించి పరీక్షలకు పంపింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ నివేదిక వచ్చాక నెలాఖరుకు చుక్కల మందును మినహాయించి మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని కనబడలేదని, అయితే కోవిడ్‌ను నయం చేస్తాయనడానికి ఆధారమూ లేదని ఆ నివేదిక సారాంశం.

ఇక్కడ గమనించండి. ఆ వీడియో జనం ఫోనులోకి చేరింది. ఆ నివేదిక కూడా అదే ఫోనులోకి చేరింది. ఒకటి మనుషులను ఆంబులెన్సుల్లో ఎక్కించి కృష్ణపట్నం దాకా నడిపించింది, రెండోది వార్తగా మిగిలిపోయింది. అదే తెర, అదే వేగం, అదే భాష. తేడా ఎక్కడుంది? మందు పనిచేస్తుందా లేదా అన్నది వైద్యుల ప్రశ్న. ఆసుపత్రిలో మంచం దొరకని మనిషికి ఏ మాట చెవికెక్కుతుంది, ఏ మాట ఎక్కదు అన్నది మన ప్రశ్న. దీనికి జనం అమాయకులు అని జవాబు రాసే విద్యార్థికి నేను మార్కులు వేయను. ఆ నెలలో నేనూ ఒక రాత్రి ఆ వీడియోను మా బావగారికి పంపాను. పంపినవాడు అమాయకుడు కాదు, ముప్పై ఏళ్ళు వార్తలు చేరవేసినవాడు.

మరో ఉదాహరణ ఇంకా పాతది, ఇంటర్నెట్ ఊసే లేని నాటిది. ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు రాత్రి బడుల్లో చదువుకునే స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథ చదివారు, అందులో తమ ఇంటి బాధనే చూసుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు మీరు విన్నదే. ఆ సంఘటనే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమై మళ్ళీ వాచకంలో చేరి మిగతా ఊళ్ళకు పాకింది. అక్కడి స్త్రీలు చదివి, మన ఊళ్ళో ఎందుకు కాకూడదు అన్నారు. 1992లో మొదలైనది, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. ఇప్పుడు వైరల్ అనే మాట వాడుతున్నారు. చదివినవారే చేసి, చేసినదే మళ్ళీ పాఠమై, ఆ పాఠం చదివినవారు మళ్ళీ చేయడం కన్నా పెద్ద వైరల్ నాకు తెలియదు. వారు పలకా బలపంతో, గుడ్డి దీపం వెలుగులో, పక్కన కూర్చున్న మనిషి భుజం తగులుతుండగా చదివారు. ఒంటరిగా తెర చూసేవాడికి ఆ భుజం ఉండదు. నా వరకు ఈ చదువంతా ఈ రెండు ఉదాహరణల మధ్య ఉంది.

ఇక పట్టాల సంగతి. ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్ అన్న పేరుతోనే బి.ఏ. నడిపిన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయం అలాంటిది. అక్కడి కోర్సును ఓపెన్ యూనివర్సిటీస్ ఆస్ట్రేలియా ద్వారా ఇంటి నుంచి కూడా చదివే ఏర్పాటు ఉండేది. వెబ్‌లో రాయడం, ఆన్‌లైన్ సమూహాలు ఎలా పుట్టి ఎలా చెదిరిపోతాయి, ఇంటర్నెట్‌లో అధికారం ఎవరి చేతిలో ఉంటుంది వంటివి ఆ చదువులో భాగాలు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2001లోనే ఇంటర్నెట్ అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. మన దేశంలో ఈ చదువు ఎక్కువగా జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ అనే పాత గొడుగు కిందే ఉంటుంది. డిజిటల్ మీడియా, న్యూ మీడియా అని ఒకటి రెండు పేపర్లుగానో, ఒక స్పెషలైజేషన్‌గానో కనిపిస్తుంది. కనుక పేరు చూసి వెతికితే మీకు దొరకదు, సిలబస్ తెరిచి చూడాలి.

సిలబస్‌లో నేనైతే మొదట భాష కోసం వెతుకుతాను. తెలుగులో పనిచేసేవారికి తెలుగు కంప్యూటరులోకి ఎలా వచ్చిందో తెలియాలి. తంతి రోజుల్లో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపేవాళ్ళం. ఇవాళ యూనికోడ్ చేతిలో ఉండి కూడా మీలో సగం మంది ‘ఎక్కడున్నావ్’ అన్నది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నారు. తప్పు పట్టడం లేదు, దానికి చరిత్ర ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70తో సరి. అందులోనూ ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరాన్ని కంప్యూటరు జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగుగా లెక్కపెడుతుంది. మాటకింత అని డబ్బు కట్టించుకున్న తంతి కూడా మన భాష పట్ల ఇంత పిసినారితనం చూపలేదు.

ఆ ‘జ్ఞా’కు ఇంకో కథ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక విచిత్రమైన జబ్బు చేసింది. జ్ఞా అన్న కూర్పు, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో సహా, ఏ సందేశంలో వచ్చినా ఆ యాప్ ఠపీమని మూసుకుపోయేది, కొన్ని ఫోన్లు తిరిగి తెరుచుకోక మొరాయించేవి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ 11.2.6 అనే సవరణ విడుదల చేసి దాన్ని సరిచేసింది. ప్రపంచంలోని ఖరీదైన ఫోనును మన జ్ఞానంలోని మొదటి అక్షరం పడగొట్టిందని అప్పట్లో నవ్వుకున్నాం. నవ్వు సరే, ఆ సంగతిని పాఠంగా తీసుకోండి. కోట్లమంది మాట్లాడే భాషలోని మామూలు అక్షరం, అలాంటి పరికరం అమ్మకానికి వచ్చేముందు పరీక్షల్లో పట్టుబడలేదు. మన భాషలో ఏది విరుగుతుందో ముందుగా చెప్పగలిగినవారు తయారు చేసేచోట ఉండాలి. ఆ పనికి కోడ్ రాయడం వచ్చి తీరాలని లేదు, ఒత్తులు, పొల్లులు, గుణింతాలు క్షుణ్ణంగా తెలిసి, తప్పును తప్పని ఇంజనీరుకు అర్థమయ్యేలా రాసి చూపగలిగితే చాలు. తెలుగు ఎం.ఏ. చదివినవారికి ఈ దారి ఉందని మన కళాశాలల్లో ఎవరూ చెప్పడం లేదు, అందుకే ఇంతసేపు చెప్పాను.

చట్టం పేపరు లేని కోర్సులో చేరకండి. సమాచార సాంకేతిక చట్టం 2000 నాటిది. అందులో తరువాత చేర్చిన 66ఏ సెక్షను కింద, ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు, దాన్ని మెచ్చుకున్నందుకు 2012లో మహారాష్ట్రలో ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళినది శ్రేయా సింఘాల్ అనే యువతి, అప్పటికి ఇంచుమించు మీ వయసుదే. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. రేపు మీరు ఒక సంస్థ తరఫున పదిమంది ఫోను నంబర్లు సేకరించినా ఈ చట్టాలు మీ బల్ల మీదికి వస్తాయి.

ఎక్కడ చేరాలన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. దూరవిద్య అంటే చిన్నచూపు వద్దు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు గడ్డ మీదే పుట్టింది. ఇప్పుడది హైదరాబాదులో అంబేద్కర్ పేరుతో ఉంది. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ అనుమతించింది, స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో చదివిన పాఠాల క్రెడిట్లను మీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే డిగ్రీలో కలుపుకోవచ్చు. అయితే ఆన్‌లైన్ పట్టా ఇస్తామనే ప్రతి ప్రకటననూ నమ్మకండి. యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని గాని రూపాయి కట్టకండి. సంస్థ ఉండి కోర్సు లేకపోయినా మునిగేది మీరే.

నేను చదివిన చోటు పేరు చెప్పను. అక్కడ పుస్తకాలు పరీక్షలకు మూడు వారాల ముందు వచ్చాయి. న్యూ మీడియా అన్న పుస్తకం తెరిస్తే, రాబోయే కాలంలో ఇంటర్నెట్ గొప్ప మార్పు తేవచ్చునని రాసి ఉంది. అప్పటికి మా పాలవాడు వాట్సాప్‌లో లెక్క పంపుతున్నాడు. పరీక్షలో ‘ఇంటర్నెట్ వలన లాభనష్టములు వివరింపుము’ అన్న ప్రశ్నకు పదిహేను మార్కులు. నాకు పదకొండు వచ్చాయి, ఆ నాలుగు ఎందుకు పోయాయో ఇప్పటికీ తెలియదు. అందుకే మీకు చెప్పేది, చేరేముందు ఆ విభాగానికి వెళ్ళి పాత ప్రశ్నపత్రం ఒకటి అడిగి చూడండి. బ్రోచర్ అబద్ధమాడవచ్చుగాని ప్రశ్నపత్రం ఆడదు. చివరి ఏడాది విద్యార్థులు చేసిన ప్రాజెక్టులు చూపించమనండి. అవి అన్నీ వంద మందికి గూగుల్ ఫారం పంపి రంగురంగుల బొమ్మలు గీసినవైతే, ఇంకో చోటు వెతుక్కోండి.

మంచి ప్రాజెక్టు ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. మా తరగతిలో విడవలూరు వైపు నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్నగారికి రొయ్యల గుంటలు ఉన్నాయి. ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదుగాని, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. ముప్పై కౌంటుకు ఒక రేటు, వంద కౌంటుకు ఒక రేటు. రోజూ తెల్లవారకముందే ఆ రేట్లు వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తాయి. ఏ గ్రూపులో ముందు వస్తుంది, ఎవరు పెడతారు, టైపు చేసినదా, గొంతుతో చెప్పినదా, చీటీ ఫోటోనా, దాన్ని చూసి వాళ్ళ నాన్న ఏమన్నాడు, ఎవరికి ఫోను చేశాడు అన్నది ఆ అమ్మాయి నలభై రోజులు రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులో గీతలు కొట్టుకుని రాసింది.

పదహారో రోజు పేజీలో ఇలా ఉంది. ‘ఉదయం 5:10. టైపు చేసిన రేటు వచ్చింది. నాన్న చదివి ఫోను పక్కన పెట్టాడు. 5:25. ఫలానా మామ గొంతు. అదే రేటు. నాన్న లేచి మేస్త్రీకి ఫోను చేశాడు.’ అదే రేటు అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఒకే అంకె అక్షరాల్లో వస్తే మనిషి కదలలేదు, ఎరిగిన గొంతులో వస్తే గుంట దగ్గరికి వల వెళ్ళింది. ఇంకో చోట, గుంటలకు తెల్లమచ్చ జబ్బు వచ్చిందన్న పుకారు వెంటే రేటు పడిన రోజు గురించి రాస్తూ, ఆ గొంతు మనిషిని తాను అడిగితే ‘నాకు కొనుగోలుదారు చెప్పమన్నాడమ్మా’ అన్నాడని రాసింది. ఆ వాక్యం పక్కన మార్జినులో పెన్సిలుతో, మామ పేరు రిపోర్టులో రాయవచ్చా అని నన్ను అడిగింది. రాయకూడదన్నాను. ఎందుకు రాయకూడదో మేమిద్దరం గంటసేపు వాదించుకున్నాం. ఆ ఏడాది సిలబస్ మొత్తంలో నేను సరిగ్గా చెప్పిన పాఠం ఆ గంటే అనిపిస్తుంది.

ఆ అమ్మాయి అనుమతితో, పేర్లున్న చోట కాగితం అంటించి, ఆ నోటుబుక్కు తెచ్చాను. ఇదిగో, ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. ఫోటోలు తీయకుండా, కూర్చుని తీరిగ్గా చదవండి. ప్రశ్నలుంటే అది చూశాక అడగండి. నాలుగున్నరకు నాకు కందుకూరు బస్సు ఉంది, ఆలోగా పుస్తకం నా చేతికి రావాలి.